ఆ అమ్మాయి ఏం కొలుస్తోంది?



ఈ సంవత్సరం మన విద్యానిధికి 11 దరఖాస్తులు వచ్చాయి. పది దరఖాస్తుల గురించి ఎవరికీ సందేహం లేదు. నర్సింగ్, డిప్లొమా, బీకామ్, సీఏ, లా. పేరు వినగానే పిల్ల రేపు ఏం పని చేస్తుందో కళ్ళకు కనబడుతుంది. పదకొండోది మాత్రం పక్కన పెట్టాం. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ రెండో సంవత్సరం. ప్రాజెక్టు పేరు "సిలికాన్ నానోక్రిస్టల్స్‌లో ఫోనాన్ కన్ఫైన్‌మెంట్‌ను గుర్తించే ప్రయోగ పద్ధతులు". అడిగింది 40,000 రూపాయలు. ఫీజు కొంత, రోజూ లోకల్ ప్రయాణం కొంత, పెద్ద యంత్రాల దగ్గర స్లాట్‌కు కట్టే డబ్బు కొంత.

కమిటీలో మూడు ప్రశ్నలు వచ్చాయి. ఒకటి, ఇది అసలు ఏమిటి? రెండు, దీనివల్ల ఎవరికి ఏం లాభం? మూడోది కొంచెం గట్టి ప్రశ్న. "నాలుగు నెలలు కొలిచిన లెక్కలో సగానికి పైగా వేడి వల్ల వచ్చిందేనని ఆ పిల్లే రాసుకుంది. పని చెడిపోయినట్టే కదా, మళ్ళీ డబ్బెందుకు?" అని. అడిగినవాళ్ళను నేను తప్పు పట్టను. నిధిలో ఉన్నది మన జేబుల్లోంచి వచ్చిన డబ్బు. అడగాల్సిందే. వచ్చే ఆదివారం ఓటింగ్ ఉంది కాబట్టి, నాకు అర్థమైనంత వరకు మూడింటికీ జవాబు రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది. టీ పెట్టుకుని చదవండి.

నేను సైంటిస్టును కాను. గూడ్స్ క్లర్కుగా రిటైరయ్యాను. చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు ఈ కామాఠిపురాకు అల్లుడిగా వచ్చాక, మా ఆవిడ దగ్గరా మన సంఘం వాచకాల దగ్గరా నేర్చుకున్నవే. ఆ అమ్మాయి మా చాల్‌లో మూడో మాలా మీద ఉంటుంది. నన్ను తాతా అంటుంది. నాలుగు ఆదివారాలు గ్యాలరీలో స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె చెప్తుంటే విన్నాను. నాకు అర్థంకాని చోటల్లా ఆపి మళ్ళీ చెప్పించుకున్నాను. పాపం, విసుక్కోలేదు.

ముందు ఫోనాన్ అంటే ఏమిటో చెప్తాను. సిలికాన్ మీ ఫోన్‌లో ఉంది, పైకప్పు మీద పెట్టే సోలార్ పలకలో ఉంది. దాని అణువులు వరుసగా, ఇటుక పేర్చినట్టు ఉంటాయి. ఒక చిన్న గడి, దాని పక్కన అదే గడి, అలా. గడి పక్క కొలత 0.543 నానోమీటర్లు. ఈ అణువులు ఎప్పుడూ కదలకుండా ఉండవు. స్ప్రింగులతో కట్టినట్టు వణుకుతూ ఉంటాయి. ఒకటి కదిలితే పక్కది కదులుతుంది, అలా అల నడుస్తుంది. గట్టి పదార్థంలో శబ్దం నడిచేది ఇలాగే, వేడి నడిచేది కూడా చాలావరకు ఇలాగే. ఆ వణుకుడు అలకు లెక్క కట్టే చిన్న మొత్తాన్ని ఫోనాన్ అంటారు. వెలుగుకు ఫోటాన్ ఎలాగో, వణుకుడుకు ఫోనాన్ అలాగ.

ఇక్కడ నాకు నా తమిళ బడి గుర్తొచ్చింది. తమిళంలో శబ్దాన్ని ఒలి అంటారు, వెలుగును ఒళి అంటారు. ఒక్క అక్షరం తేడా. మా సైన్సు మాస్టారు రెండూ పలికించి, నాలుక మడవనివాణ్ణి నిలబెట్టేవారు. ఈ అమ్మాయి చేస్తున్న పనిని నేను ఒక్క వాక్యంలో చెప్పుకున్నాను: ఒళితో కొట్టి ఒలి వినడం. వెలుగుతో తట్టి, లోపలి శబ్దం వినడం.

రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బండి వచ్చి ఆగితే క్యారేజ్ అండ్ వ్యాగన్ వాళ్ళు పొడుగు కర్ర సుత్తి పట్టుకుని ఒక్కొక్క చక్రాన్నీ తట్టుకుంటూ పోయేవారు. బాగున్న చక్రం ఖంగుమంటుంది. పగులుంటే మొద్దుగా పలుకుతుంది. పగులు కంటికి కనబడకపోయినా చెవికి తెలుస్తుంది. సిలికాన్ గుళికకు మన సుత్తి పనికిరాదు కాబట్టి, లేజర్ వెలుగే సుత్తి.

ఆ వెలుగు సుత్తిని కనిపెట్టింది మన దేశంలోనే. 1928 ఫిబ్రవరి 28, కలకత్తా, సర్ సి.వి. రామన్. వస్తువు మీద ఒక రంగు వెలుగు వేస్తే, చెదిరి వచ్చే వెలుగులో దాదాపు అంతా అదే రంగు. కానీ కోటిలో ఒక వంతు లాంటి లెక్కలో కొద్ది వెలుగు మాత్రం వేరే రంగులో వస్తుంది. ఆ కొద్ది వెలుగు లోపలి వణుకుడుకు కొంచెం శక్తి ఇచ్చి, అంత తగ్గి బయటికి వచ్చింది. ఎంత తగ్గిందో కొలిస్తే లోపలి వణుకుడు ఎంతో తెలిసిపోతుంది. దానికే 1930లో నోబెల్ వచ్చింది.

రామన్ గారి గురించి మనవాళ్ళకు అంతగా తెలియని రెండు సంగతులు. ఆయన తమిళ కుటుంబం వారు, పుట్టింది తిరుచ్చి దగ్గర. పెరిగిందీ చదివిందీ విశాఖపట్నంలో. వాళ్ళ నాన్నగారు అక్కడ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. నేను తమిళ బడిలో చదివిన తెలుగువాణ్ణి, ఆయన తెలుగు ఊళ్ళో చదివిన తమిళుడు. పోలిక అంతవరకే, ఆపైన ఆయన ఎక్కడ, నేనెక్కడ! రెండో సంగతి, ఆయన 1907లో చేరిన ఉద్యోగం ప్రభుత్వ లెక్కల శాఖలో. ఇంచుమించు పదేళ్ళు పగలంతా అకౌంట్సు చూసుకుంటూ, పొద్దున్నా సాయంత్రం ప్రయోగశాలలో గడిపారు. వాళ్ళ అన్నగారిది రైల్వే అకౌంట్సు. ఆ ఉద్యోగం వల్లనే అన్నగారి కొడుకు లాహోర్‌లో పుట్టాడు. ఆ కొడుకే తరువాత నోబెల్ అందుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. లెడ్జరు రాసే ఇళ్ళలోంచి ఇలాంటివాళ్ళు వచ్చారు.

రామన్ గారి దగ్గర పనిచేసిన మన తెలుగాయన సూరి భగవంతం. కృష్ణా జిల్లా మనిషి. 1928లో, ఇరవై ఏళ్ళు నిండకముందే, కలకత్తా వెళ్ళి ఆయన దగ్గర చేరారు. 1930 ప్రాంతంలో వజ్రం మీద ఈ వెలుగు పరీక్ష చేసినవాళ్ళలో ఆయన ఒకరు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడే టి. వెంకటరాయుడు గారితో కలిసి, స్ఫటికంలో అణువుల అమరికను బట్టి ఎన్ని వణుకుడులు వెలుగుకు కనబడతాయో లెక్కగట్టే పద్ధతి మీద ఒక పుస్తకం రాశారు. 1948లో వచ్చింది. బయటి దేశాలవాళ్ళు కూడా చదివిన పుస్తకం.

వజ్రం మాట ఎందుకు తెచ్చానంటే, సిలికాన్ అణువుల అమరిక అచ్చం వజ్రం అమరికే. వజ్రంలో బొగ్గు అణువులు, ఇక్కడ సిలికాన్ అణువులు, అంతే తేడా. భగవంతం గారి లెక్క ప్రకారం ఈ అమరికకు వెలుగులో ఒక్కటే ముఖ్యమైన గీత కనబడాలి. వజ్రానికి ఆ గీత 1332 దగ్గర వస్తుంది. సిలికాన్‌కు 520 దగ్గర. వెలుగు ఎంత తగ్గి వచ్చిందో చెప్పే సంఖ్య ఇది, సెంటీమీటరుకు ఇన్ని అలలు అని లెక్క. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వేస్తే సిలికాన్ నుంచి వచ్చే ఆ కొద్ది వెలుగు 547 దగ్గర పడుతుంది. సిలికాన్ ముక్క పెద్దదిగా, శుభ్రంగా ఉంటే ఆ గీత సన్నగా, అటూ ఇటూ సమంగా ఉంటుంది. ప్రతి రామన్ యంత్రం దగ్గరా ఒక సిలికాన్ ముక్క పెట్టుకుంటారట. పొద్దున్నే దాన్ని పెట్టి 520.5 చూపిస్తుందా లేదా అని యంత్రాన్ని సరిచూసుకుంటారు. కాటా మీద ముందు సర్కారు ముద్ర రాయి పెట్టి చూసినట్టు.

ఇప్పుడు అసలు విషయం. అదే సిలికాన్‌ను చాలా చిన్న గుళికలుగా చేస్తే ఏమవుతుంది? ఆ అమ్మాయి చేతిలో ఉన్నది గోధుమ రంగు పొడి. గుళిక సగటున 4 నానోమీటర్లు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు అనుకుంటే, దాని అడ్డంగా 20,000 గుళికలు పేర్చవచ్చు. ఒక గుళికలో ఉండేవి 1,700 అణువుల దాకా. ఈ చివర నుంచి ఆ చివరకు గడులు లెక్కపెడితే ఏడెనిమిది.

పెద్ద ముక్కలో వెలుగుకు ఒక్క గీతే ఎందుకు కనబడుతుంది? నేను ఈ ప్రశ్న అడిగితే ఆమె నన్నే ఎదురు అడిగింది.

"తాతా, గ్యాంగ్‌మెన్లు పట్టా ఎత్తేటప్పుడు పాట పాడతారు కదా. దూరం నుంచి నీకు ఏం వినబడుతుంది?"

"అందరూ కలిసి హైస్సా అన్నప్పుడు మాత్రమే వినబడుతుంది బిడ్డా. ఒకడు ముందు, ఒకడు వెనక అంటే కలగాపులగం అయిపోయి ఏదీ వినబడదు."

"అంతే."

వెలుగు అల పొడుగు సిలికాన్ గడికి సుమారు వెయ్యి రెట్లు. అంటే వెలుగు ఒక్కసారిగా వెయ్యి గడుల గుంపును వింటుంది. గుంపు అంతా ఒకే తాళంలో ఊగితేనే వెలుగుకు వినబడుతుంది. తాళం తప్పినవి ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. అందుకే ఒక్క గీత. కానీ గుళికలో ఉన్నవి ఏడెనిమిది గడులే. కొట్టేసుకోవడానికి సరిపడా జోడీలు లేవు. కాబట్టి కొంచెం తాళం తప్పిన వణుకుడులు కూడా వెలుగుకు వినబడడం మొదలవుతుంది. సిలికాన్‌లో ఆ తాళం తప్పినవన్నీ 520 కన్నా కింది సంఖ్యలవే. అందుకని గీత మూడు రకాలుగా మారుతుంది. శిఖరం కిందికి జరుగుతుంది. గీత వెడల్పవుతుంది. ఇంకా, కింది సంఖ్యల వైపు మాత్రమే తోకలాగా సాగుతుంది. వణుకుడు చిన్న చోట ఇరుక్కుపోయింది అనడానికి ఇదే గుర్తు. కన్ఫైన్‌మెంట్ అంటే ఇదే. పది బై పది ఖోలీలో ఎనిమిదిమంది ఉన్న ఇంట్లో పెరిగిన మనకు ఈ మాటకు వేరే అర్థం చెప్పనక్కర్లేదు. మనిషి అదే, చోటు మారితే నడక మారుతుంది.

దీన్ని లెక్కలో పెట్టింది 1981లో రిక్టర్, వాంగ్, లే అనే ముగ్గురు. 1986లో క్యాంప్‌బెల్, ఫోషే దాన్ని ముందుకు తీసుకుపోయారు. గీత ఎంత జరిగిందో చూసి గుళిక ఎంత చిన్నదో చెప్పే లెక్క అది. 10 నానోమీటర్లకు పైన తేడా కనబడడమే కష్టం. 5 దగ్గర రెండు మూడు సంఖ్యలు, 3 దగ్గర నాలుగైదు లేదా ఇంకా ఎక్కువ జరుగుతుంది. ఏ లెక్క వాడాం అనేదాన్ని బట్టి కొంత తేడా ఉంటుంది.

ఇంతవరకు కథ బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, గీతను కిందికి జరిపేది ఇరుకు ఒక్కటే కాదు.

ఇది అర్థం కావడానికి నా ఉద్యోగం నాకు పనికొచ్చింది. నేను పనిచేసిన షెడ్డుకు ఎండాకాలంలో మిరపకాయ బస్తాలు వచ్చేవి. రసీదులో ఒక బరువు, ఇక్కడ కాటా మీద ఇంకో బరువు. తక్కువ వస్తుంది. పార్టీ వచ్చి క్లెయిమ్ వేస్తాడు. బరువు ఎందుకు తగ్గింది? దారిలో ఎండిపోయి ఉండవచ్చు, దాన్ని మేము డ్రయేజ్ అనేవాళ్ళం. ఎవరో కుట్టు విప్పి తీసి ఉండవచ్చు. రెండు కాటాల్లో ఒకటి తప్పు చూపిస్తూ ఉండవచ్చు. మూడింటికీ కాగితం మీద ఒకటే అంకె వస్తుంది. అంకె ఒక్కటి చూసి దొంగతనం అని రాస్తే, ఏ పాపం ఎరగని హమాలీ మీద పడుతుంది. అందుకే వేరే కాటా మీద మళ్ళీ తూచేవాళ్ళం. బస్తాలన్నీ విడివిడిగా తూచేవాళ్ళం. అన్నీ కొద్దికొద్దిగా తగ్గితే ఎండింది. ఒక్కటే బాగా తగ్గితే కుట్టు చూడాలి.

సిలికాన్ గీత జరగడానికీ ఇలాంటి అనుమానితులు ఉన్నారు.

మొదటిది వేడి. సిలికాన్ వేడెక్కితే గీత కిందికి జరుగుతుంది, వెడల్పు కూడా అవుతుంది. డిగ్రీకి సుమారు 0.02 సంఖ్య. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ లేజర్‌ను మైక్రాన్ అంత చుక్క మీద పెడతారు. వదులుగా ఉన్న పొడిలో ఆ వేడి పక్కకు పోవడానికి దారి ఉండదు. నూరు నూటయాభై డిగ్రీలు పెరగడం పెద్ద విషయం కాదు. అంటే రెండు మూడు సంఖ్యలు వేడి ఒక్కటే తినేస్తుంది. ఇరుకు వల్ల రావాల్సింది కూడా సుమారు అంతే! కొలిచే సుత్తే వస్తువును మార్చేస్తోంది అన్నమాట.

రెండోది ఒత్తిడి. గుళికను లాగి పట్టుకుంటే గీత కిందికి, నొక్కితే పైకి. అన్నివైపులా సమానంగా లాగితే గీత మొత్తంగా జరుగుతుంది గానీ ఒకవైపు తోక రాదు. మూడోది అస్తవ్యస్తపు సిలికాన్. వరుస లేని అణువుల సిలికాన్ 480 దగ్గర వెడల్పాటి దిబ్బలాగా కనబడుతుంది. అది గీత పక్కన చేరితే అచ్చం తోకలాగే ఉంటుంది. నాలుగోది గుళికల కలగలుపు. కొన్ని 3, కొన్ని 6 ఉంటే, అన్ని గీతలూ కలిసి వెడల్పయినట్టు కనబడుతుంది.

కాబట్టి "గుర్తించే ప్రయోగ పద్ధతులు" అని ఆ ప్రాజెక్టు పేరులో ఉన్న మాటకు అర్థం ఇది: ఈ నలుగురినీ ఒక్కొక్కరినీ పక్కకు తప్పించి, మిగిలింది ఇరుకేనని నిరూపించడం.

ఎలా చేస్తారు? వేడి కోసం లేజర్ బలాన్ని మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. సగం, పావు, పదో వంతు. బలం తగ్గేకొద్దీ గీత పైకి వస్తూ ఉంటే అది వేడి పని. ఒకచోట ఆగి ఇక కదలకపోతే మిగిలింది వేడి కాదు. వేడి తెలుసుకోవడానికి ఇంకో తమాషా మార్గం ఉంది. వెలుగు శక్తి ఇచ్చి తగ్గి వచ్చే గీత ఒకటైతే, లోపలి వణుకుడు నుంచి శక్తి తీసుకుని పెరిగి వచ్చే గీత ఇంకొకటి అవతలి పక్క ఉంటుంది. మామూలు గది వేడిలో సిలికాన్‌కు అది మొదటిదానిలో సుమారు పదో వంతు. వస్తువు వేడెక్కితే ఆ వంతు పెరుగుతుంది. ఈ రెండింటి నిష్పత్తే థర్మామీటరు. గుళిక సైజు కోసం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, దాన్ని టెమ్ అంటారు. నేరుగా ఫోటో తీసి గుళికలు లెక్కపెట్టవచ్చు. ఎక్స్‌రే వేస్తే గుళిక చిన్నదయ్యేకొద్దీ ఎక్స్‌రే గీత వెడల్పవుతుంది. 1918లో షెరర్ అనే ఆయన చెప్పిన సూత్రం అది. ఇవి వేరే కాటాలు. వేరే కాటా మీద 4 అని వచ్చి, రామన్ గీత కూడా 4 అంటేనే మాట నిలబడుతుంది. ఇంకొకటి, గుళిక మొత్తంగా బంతిలాగా ఉబ్బుతూ తగ్గుతూ వణుకుతుంది. దాని సంఖ్య చాలా తక్కువ, వ్యాసం తగ్గేకొద్దీ పెరుగుతుంది. అదీ వినగలిగితే సైజుకు మరో సాక్ష్యం. కానీ అది లేజర్ గీత పక్కనే ఉంటుంది. లేజర్ హోరులో దాన్ని పట్టుకోవడం, ఎదురుగా ఇంజన్ కూత పెడుతుంటే పక్కమనిషి గుసగుస వినడం లాంటిది.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తాను. ఆమె మొదటి కొలతలో గీత 514 దగ్గర వచ్చింది. అంటే ఆరున్నర సంఖ్యలు కిందికి. చూడగానే అందరూ సంతోషపడే ఫలితం. ఇరుకు బాగా కనబడుతోంది, రాసేయవచ్చు. కానీ మైక్రోస్కోపు 4 నానోమీటర్లు అంటోంది. 4కు అంత జరగకూడదు. రెండు కాటాలూ కలవలేదు. చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. తనే లేజర్ బలం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది. బలం తగ్గిస్తే వెలుగు తగ్గుతుంది, ఒక్కొక్క కొలతకు గంటలు పడుతుంది. స్లాట్లు దొరికినప్పుడల్లా వెళ్ళి, నాలుగు నెలలు ఇదే పని. చివరకు గీత 517.5 దగ్గర ఆగింది. ఇంకా ఎంత తగ్గించినా కదలలేదు. తోక కింది వైపే ఉంది. 480 దిబ్బను విడదీసి చూసినా తోక మిగిలింది. అంటే ఆరున్నరలో మూడున్నర వేడి తిన్నది, మూడు మాత్రం నిజంగా ఇరుకు వల్ల వచ్చింది. మూడు అంటే 4 నానోమీటర్లకు సరిపోయే అంకె.

దీన్నే ఆమె దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాసింది. మనం దాన్ని చదివి "పని చెడిపోయింది" అన్నాం.

చెడిపోలేదు. పని అంటేనే అది. 514 రాసి ఊరుకుని ఉంటే దరఖాస్తు అందంగా ఉండేది, మన కమిటీలో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. నా క్లర్కు బుద్ధికి తెలిసిన మాట చెప్తాను. పెద్ద అంకె రాసినవాణ్ణి కాదు, అంకెలో ఎంత తనది కాదో విడదీసి రాసినవాణ్ణి నమ్మాలి. క్లెయిమ్ ఫైలు మీద "అంతా దొంగతనం" అని రాయడం ఒక నిమిషం పని. "ఇంత డ్రయేజ్, ఇంత కాటా తేడా, ఇంత మాత్రం పోయింది" అని రాయడానికి మూడు రోజులు పడుతుంది. రెండో ఫైలే పైవాళ్ళ ముందు నిలబడుతుంది.

రెండో ప్రశ్న మిగిలింది. దీనివల్ల లాభం ఏమిటి? ఫోన్ చాలాసేపు వాడితే వేడెక్కుతుంది కదా. లోపలి చిప్‌లో సిలికాన్ భాగాలు ఇప్పుడు కొన్ని నానోమీటర్ల లెక్కకు వచ్చాయి. సిలికాన్‌లో వేడిని మోసుకుపోయేది ఫోనాన్లే. చోటు ఇరుకైతే అవి సరిగ్గా నడవలేవు, వేడి బయటికి పోదు. చిప్ తయారుచేసేవాళ్ళకు ఇది తలనొప్పి. ఇంకోచోట ఇదే వరం. వేడిని కరెంటుగా మార్చే పదార్థాల్లో వేడి త్వరగా పారిపోకూడదు. 2008లో సిలికాన్‌ను సన్నటి నానో తీగలుగా చేసి, మామూలు సిలికాన్ కన్నా వేడి నడకను సుమారు నూరో వంతుకు తగ్గించి చూపించారు. 1990లో ఇంగ్లండ్‌లో క్యాన్‌హమ్ అనే ఆయన, సన్న రంధ్రాలు చేసిన సిలికాన్ ఎర్రగా వెలుగుతుందని చూపించాడు. మామూలు సిలికాన్ వెలగదు, చిన్నదైతే వెలుగుతుంది. ఇవన్నీ చేసేవాళ్ళకు మొదట తెలియాల్సింది, నా చేతిలో ఉన్న గుళిక ఎంత, అందులో వేడి ఎంత అనేది. ఆ కొలత నేర్చినవాళ్ళకు చిప్ కంపెనీల్లో, సోలార్ కంపెనీల్లో, మందుల కంపెనీల్లో కూడా పని ఉంటుంది. మందు బిళ్ళలో సరైన స్ఫటికమే ఉందా అని చూడడానికీ ఇదే రామన్ యంత్రం వాడతారు. "ఉద్యోగం వస్తుందా?" అంటే గ్యారంటీ నేను ఇవ్వలేను. బీకామ్‌కు కూడా ఇవ్వలేను.

ఇంకో మాట చెప్పాలి, కొంచెం ఓపిక పట్టండి. మన పెద్దవాళ్ళు ఈ ఊరికి రాయి మోయడానికి, గోడ కట్టడానికి వచ్చారు. ఆ కామాఠీల పేరే ఈ పేటకు వచ్చింది. ఆ తరువాత వచ్చినవాళ్ళలో ఎంతోమంది మిల్లుల్లో చేరారు. మగ్గం తెలిసినవాళ్ళకు మిల్లు ఉద్యోగం అంటే జీవితాంతం భరోసా అనుకున్నారు. 1982 జనవరిలో సమ్మె మొదలైంది. రెండు లక్షల పైచిలుకు కార్మికులు. ఆ తరువాత చాలామంది మళ్ళీ గేటు లోపలికి పోలేదు. మన సంఘంలో అరవై దాటినవాళ్ళలో ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఎందరున్నారో మీకే తెలుసు. ఆ అమ్మాయి తాత కూడా మిల్లు మనిషే. అందుకే మనకు చదువు అంటే ముందు ఉద్యోగమే కనబడుతుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది, నాలోనూ ఉంది. కానీ ఖాయం అనుకున్న పనే ఆ రోజు పోయింది. ఏ పని నిలుస్తుందో ముందే చెప్పగలిగినవాడు మన గల్లీల్లో ఇంతవరకు పుట్టలేదు. కొలవడం వచ్చినవాడు, తన కొలతను తనే అనుమానించడం వచ్చినవాడు, ఏ పనిలోనైనా నిలబడతాడని నా నమ్మకం.

ఇంకా ఒక లెక్క కూడా చూడండి. ఆ ఇంట్లో తండ్రి ఒక్కడే సంపాదించేది. ఈ సంవత్సరం స్లాట్ డబ్బు కట్టకపోతే ఆమె ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గరికి రెండోసారి పోలేదు. పోకపోతే రెండో రకం పొడి కొలవలేదు. ఒక్క పొడి మీద నిరూపించింది ఒక్కసారి జరిగిన మాట. రెండో సైజు మీద కూడా గీత లెక్క ప్రకారం జరిగితేనే అది పద్ధతి అవుతుంది. మనం ఆపితే ఆగేది సరిగ్గా అక్కడ.

కాబట్టి సభ్యులకు నా విన్నపం రెండు. ఆదివారం ఓటింగ్‌కు ముందు ఆ అమ్మాయికి ఇరవై నిమిషాలు ఇవ్వండి. తెలుగులోనే చెప్తుంది, మధ్యలో హిందీ, మరాఠీ వస్తాయి, సర్దుకోండి. మీకున్న ప్రశ్నలన్నీ ఆమెనే అడగండి, గట్టిగానే అడగండి. అడిగించుకోవడం ఆమెకు అలవాటే. రెండోది, విద్యానిధి నిబంధనల్లో "ఉద్యోగానికి పనికొచ్చే చదువులకు మాత్రమే" అని కొత్తగా చేర్చాలనే సూచన ఒకటి తిరుగుతోంది. దాన్ని ఈసారికి ఆపండి. మూడో మాలా పిల్ల తరువాత ఇంకో గల్లీ నుంచి ఇంకో పిల్ల వస్తుంది. ఆమె ఏం చదువుతానంటుందో మనకు ఇప్పుడే తెలియదు.

నా ఓటు ఎటో మీకు తెలిసిపోయింది. మీ అభిప్రాయం కింద రాయండి. ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రాయండి. ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు హాల్లో కలుద్దాం. కుర్చీలు తక్కువ, కొంచెం ముందే రండి.